రిజెక్షన్ చీటీ మీద వెలుతురు కోణం కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కుషాయిగూడల్లోని చిన్న యూనిట్లు పెద్ద కంపెనీలకు చేసి పంపిన జాబులు, అంటే విడిభాగాలు, వెనక్కి వచ్చినప్పుడు, వాటితో పాటు వచ్చే చీటీ మీద చాలాసార్లు ఒక్క మాటే ఉంటుంది: 'సర్ఫేస్ డిఫెక్ట్'. ఎక్కడుంది, ఎన్ని రెట్లు పెద్దది చేసి చూశారు, ఏ లైటు కింద కనబడింది అన్నవి ఉండవు. పంపినవాళ్ళు తమ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే ఏమీ కనబడదు. అక్కడి నుంచి ఫోన్లు, వాదనలు, ఆగిపోయిన బిల్లులు. ఇందులో చాలావరకు ఎవరూ అబద్ధం చెప్పరు. ఒక లైటు కింద స్పష్టంగా కనబడే గీత ఇంకో లైటు కింద పూర్తిగా మాయమవుతుంది, అంతే. ఉపరితలాల తనిఖీయే మా వృత్తి కాబట్టి, స్టీరియో మైక్రోస్కోప్‌ను ఎలా ఎంచుకోవాలి, ఎలా సర్దుకోవాలి, దాని కింద ఏ లోపం ఎలా కనబడుతుంది అన్నవి ఆ పనిలో ఉన్న పాఠకుల కోసం వివరంగా రాస్తున్నాం.

స్కూలు ల్యాబులో చూసే మామూలు మైక్రోస్కోప్‌కి, దీనికి పోలిక తక్కువ. అక్కడ పలచటి ముక్కను గాజు పలక మీద పెట్టి కింది నుంచి లైటు వేసి వందల రెట్లు పెద్దది చేస్తారు. ఇక్కడ వస్తువును ఉన్నదున్నట్టు బల్ల మీద పెట్టి, పైనుంచి లైటు వేసి, సాధారణంగా 7 నుంచి 45 రెట్లు మాత్రమే పెద్దది చేస్తారు. రెండు కళ్ళకూ రెండు వేర్వేరు దారుల్లో బొమ్మ అందుతుంది కాబట్టి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. బొమ్మ తలకిందులు కాదు, కుడి ఎడమలు తారుమారు కావు. అందుకే కింద చెయ్యి పెట్టి సోల్డరింగ్ చేసుకోవచ్చు, కోసిన అంచున లేచిన బర్ర్ తియ్యొచ్చు, రాయి బిగించొచ్చు.

ఈ రకానికి మూలం 1890ల్లో హొరేషియో గ్రీనో అనే అమెరికన్ ఇచ్చిన ఆలోచన. దాన్ని జర్మనీలోని యెనాలో జైస్ కంపెనీ పరికరంగా తయారుచేసింది. రెండు గొట్టాలు ఒకదానికొకటి 10 నుంచి 12 డిగ్రీల వాలులో ఉండి ఒకే చోటును చూస్తాయి. ఇప్పుడు చిన్న వర్క్‌షాపుల్లో కనబడే జూమ్ మైక్రోస్కోపులు ఎక్కువగా ఈ గ్రీనో పద్ధతివే. రెండో పద్ధతిలో రెండు దారులకూ కింద వస్తువు వైపు ఒకటే పెద్ద లెన్స్ (ఆబ్జెక్టివ్) ఉంటుంది. ధర ఎక్కువ, కానీ కెమెరా, లెన్స్ గుండానే దిగే కోయాక్సియల్ లైటు లాంటివి మధ్యలో చేర్చుకోవడం తేలిక. చేత్తో పనిచేస్తూ కంటితో చూసుకోవడానికి గ్రీనో చాలు. రోజంతా ఫొటోలు తీసి రిపోర్టులు పంపే పనైతే రెండోదానికి డబ్బు పెట్టడం సబబు.

కొనేటప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న 'ఎన్ని ఎక్స్ (రెట్లు)?' మా దృష్టిలో అది చివర అడగాల్సిన ప్రశ్న. లెక్క ఇలా ఉంటుంది. జూమ్ మీద 0.7 నుంచి 4.5 దాకా అంకెలుంటాయి. కన్ను ఆనించి చూసే లెన్స్, అంటే ఐపీస్, 10 ఎక్స్. రెండూ గుణిస్తే 7 నుంచి 45. ఐపీస్ మీద 10ఎక్స్/20 అని ఉంటే ఆ 20 ఫీల్డ్ నంబర్. దాన్ని జూమ్ అంకెతో భాగిస్తే ఒకేసారి ఎంత వెడల్పు కనబడుతుందో వస్తుంది: 0.7 దగ్గర దాదాపు 28.6 మి.మీ., 4.5 దగ్గర 4.4 మి.మీ. పెద్దది చేసేకొద్దీ కనబడే చోటు కుంచించుకుపోతుంది. పదునుగా కనబడే లోతు కూడా తగ్గుతుంది. 7 ఎక్స్ దగ్గర కొన్ని మిల్లీమీటర్ల ఎత్తు తేడా ఉన్నా అంతా స్పష్టంగా ఉంటుంది. 45 దగ్గర మిల్లీమీటరులో చిన్న భాగమే పదునుగా ఉండి, మిగతాది మసకబారుతుంది. కాబట్టి జాబ్ మొత్తాన్ని 45 దగ్గర వెతకడం మొదలుపెట్టినవాళ్ళు సగం లోపాలను దాటి వెళ్ళిపోతారు. వెతకడం 7 నుంచి 10 దగ్గర, అనుమానం వచ్చిన చోట ఆగి పరీక్షించడం 20 నుంచి 40 దగ్గర: ఇదే వరుస.

ఇంకా పెద్దగా కావాలని 10 ఎక్స్ ఐపీసులు తీసి 20 ఎక్స్‌వి పెడతారు. 45 కాస్తా 90 అవుతుంది, కానీ కొత్తగా ఒక్క వివరమూ కనబడదు. వివరాన్ని పట్టుకునేది కింది లెన్స్, ఐపీస్ దాన్ని సాగదీసి చూపిస్తుంది. వెలుతురు తగ్గుతుంది, చోటు తగ్గుతుంది, కళ్ళు లాగుతాయి. నిజంగా చిన్న వివరం కావాలంటే కింద బిగించే 2 ఎక్స్ అదనపు లెన్స్ కొనాలి. దానికో మూల్యం ఉంది. లెన్స్‌కీ వస్తువుకీ మధ్య మామూలుగా 100 మి.మీ. దాకా ఉండే ఖాళీ, అంటే వర్కింగ్ డిస్టెన్స్, 30 మి.మీ. ప్రాంతానికి పడిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ దూరదు, పక్కనుంచి వాలుగా లైటు వెయ్యడమూ కష్టమవుతుంది. బోర్డు రిపేరు చేసేవాళ్ళు దీనికి భిన్నంగా 0.5 ఎక్స్ లెన్స్ పెట్టుకుంటే ఆ ఖాళీ, కనబడే వెడల్పు రెండూ దాదాపు రెట్టింపవుతాయి. కోఠి గుజరాతీ గల్లీ, అబిడ్స్ జగదీష్ మార్కెట్ వైపు మొబైల్ బోర్డుల మీద పనిచేసే కుర్రాళ్ళకి మేమిచ్చే మొదటి సలహా ఈ 0.5 లెన్సే.

ఇక సర్దుబాటు. తలనొప్పి వస్తోందని మైక్రోస్కోప్‌ను పక్కన పెట్టేసే యూనిట్లలో తప్పు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ముందు రెండు ఐపీసుల మధ్య దూరాన్ని కళ్ళకు తగ్గట్టు జరపాలి. రెండు గుండ్రాలు కలిసి ఒకటే కావాలి. తర్వాత ఐపీసుల మీద ఒక్కో కంటి చూపుకు తగ్గట్టు తిప్పుకునే డయాప్టర్ రింగులు సున్నా దగ్గర పెట్టి, చదునుగా ఉన్న స్టీల్ స్కేల్ కింద ఉంచి, జూమ్‌ను పూర్తిగా పైకి తీసుకెళ్ళి ఫోకస్ చెయ్యాలి. అప్పుడు ఫోకస్ నాబ్ ముట్టుకోకుండా జూమ్‌ను పూర్తిగా కిందికి దించి, ఒక్కో కన్నూ మూసుకుంటూ ఆయా డయాప్టర్ రింగు తిప్పి గీతలు పదును చేసుకోవాలి. మళ్ళీ పైకి వెళ్ళి చూసి, తేడా ఉంటే ఇంకోసారి చెయ్యాలి. ఎడమ ఐపీసుకే రింగు ఉన్న మోడల్ అయితే, పై జూమ్ దగ్గర కుడి కంటితో ఫోకస్ చేసి, కింది జూమ్ దగ్గర ఎడమ కంటిని రింగుతో సరిచేసుకోవాలి. ఇది కుదిరితే జూమ్ అంతటా ఫోకస్ నిలబడుతుంది. కుదరకపోతే జూమ్ మార్చిన ప్రతిసారీ ఫోకస్ వెతుక్కోవాలి, ఆ వెతుకులాటలో అనుమానించిన చోటే చేజారుతుంది. రెండు మూడు షిఫ్టులు నడిచే చోట ఎవరి డయాప్టర్ అంకెలు వాళ్ళు చిన్న కార్డు మీద రాసుకుని స్టాండుకి అంటించుకుంటే మంచిది. దూరపు చూపుకో దగ్గరి చూపుకో మాత్రమే కళ్ళద్దాలు వాడేవాళ్ళు వాటిని తీసేసి చూడొచ్చు. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్ళు మాత్రం తియ్యకూడదు, డయాప్టర్ రింగు దాన్ని సరిచెయ్యలేదు.

ఇంత చేసినా నొప్పి తగ్గకపోతే గొట్టాల వరుస తప్పి ఉంటుంది. స్కేల్ మీది ఒక గీత కొసను సరిగ్గా మధ్యలో పెట్టి ఒక్కో కన్నూ మార్చి మార్చి మూసి చూడండి. ఒక కంటికి మధ్యలో, రెండో కంటికి పైనో కిందో కనబడితే కింద పడ్డ మైక్రోస్కోపో, సరిగా బిగించకుండా పంపినదో అయ్యుంటుంది. పక్కలకు కాస్త తేడా ఉంటే కళ్ళు సర్దుకుంటాయి. పైకీ కిందికీ తేడా ఉంటే సర్దుకోలేవు. స్క్రూలు మనం విప్పకుండా సర్వీసుకి ఇవ్వడమే దారి.

అసలు సంగతి వెలుతురు. మైక్రోస్కోప్‌తో పాటు వచ్చే గుండ్రటి రింగ్ లైటు అన్ని వైపుల నుంచీ సమానంగా వెలుగిస్తుంది, నీడ పడనివ్వదు. రంగు తేడాలు, తుప్పు మరకలు, భాగం ఉందా లేదా, ప్రింటు సరిగా పడిందా అన్నవి చూడటానికి అది బాగా పనికొస్తుంది. గీతలు, సొట్టలు, పైకి లేచిన అంచులు చూడటానికి పనికిరాదు, ఎందుకంటే వాటిని పట్టించేదే నీడ. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడినప్పుడు దున్నిన చేలో ప్రతి చాలూ విడిగా తేలినట్టు, లోహం మీద కూడా లైటు 10 నుంచి 20 డిగ్రీల వాలులో పడితేనే సన్నని గీత తేలుతుంది. దీనికి వంచితే వంగే మెడ ఉన్న గూస్‌నెక్ లైటు వాడతారు. అది లేకపోతే సన్నటి కాంతి పుంజం ఇచ్చే ఎల్ఈడీ టార్చిని చిన్న స్టాండుకి బిగించి బల్ల మట్టానికి దించినా పని జరుగుతుంది. రింగ్ లైటు మాత్రం ఆపెయ్యాలి. రెండూ కలిపి వేస్తే నీడ చచ్చిపోతుంది.

వాలు ఒక్కటే చాలదు, లైటు వచ్చే దిక్కు కూడా చూసుకోవాలి. గీతకు అడ్డంగా వచ్చే వెలుతురు దాన్ని చూపిస్తుంది, దాని వెంబడే వచ్చే వెలుతురు దాచేస్తుంది. అందుకని లైటు కదపకుండా జాబ్‌ను 90 డిగ్రీలు తిప్పి రెండోసారి చూడందే ఉపరితలం బాగుందని రాయకూడదు. లేత్ మీద తిరిగిన ముక్కలకు ఇంకో చిక్కుంది. ఫీడ్ గుర్తులకు, అంటే కోసే టూల్ జరుగుతూ వదిలిన సన్నని చాళ్ళకు, అడ్డంగా లైటు వేస్తే ఆ గుర్తులే మెరిసిపోయి, వాటి మధ్య అడ్డంగా పడ్డ అసలు గీతను మింగేస్తాయి. అలాంటప్పుడు లైటును ఫీడ్ గుర్తుల వెంబడి పంపాలి. గుర్తులు మాసిపోతాయి, వాటిని కోస్తూ వెళ్ళే గీత ఒంటరిగా బయటపడుతుంది. ముందు చెప్పిన గొడవల్లో పెద్ద భాగం ఇక్కడే తేలుతుంది: కొన్నవాళ్ళ లైటు ఫీడ్ వెంబడి ఉంటుంది, చేసినవాళ్ళ లైటు అడ్డంగానో గుండ్రంగానో ఉంటుంది.

అద్దంలా పాలిష్ చేసిన చదును ముక్కలకు లైటు లెన్స్ గుండానే నిటారుగా దిగే కోయాక్సియల్ పద్ధతి కావాలి. అందులో చదును భాగం తెల్లగా, గీతలు, గుంటలు నల్లగా వస్తాయి. సోల్డర్ గడ్డలు, గుండ్రటి పిన్నులు, వంపు తిరిగిన పాలిష్ ముక్కల మీద లైటుకీ ముక్కకీ మధ్య ట్రేసింగ్ పేపర్ చుట్టి వెలుతురును మెత్తబరచాలి. వార్నిష్, ప్లాస్టిక్, లక్క మీది మెరుపును చంపడానికి లైటు ముందు ఒకటి, లెన్స్ కింద ఒకటి పోలరైజర్ ఫిల్టర్లు పెట్టి, ఒకదాన్ని మెరుపు పోయేదాకా తిప్పుతారు. వెలుతురు బాగా తగ్గుతుంది కాబట్టి లైటు పెంచుకోవాలి. ఆ మెరుపుతో పాటు పైపై గీతలు కూడా కనబడకుండా పోతాయన్నది గుర్తుండాలి. పూత కింద ఏముందో చూడటానికే ఇది, పూత పైభాగాన్ని తేల్చడానికి కాదు.

కనబడిన గీత గీతేనా, పగులా? ఈ ప్రశ్నకు తప్పు జవాబు చాలా ఖరీదైనది. గీత అయితే దాని అడుగు కనబడుతుంది, రెండు పక్కలా లోహం నెట్టుకుని లేచిన సన్నని గట్లు ఉంటాయి, లైటు అటునుంచి ఇటు మారిస్తే మెరిసే పక్క కూడా మారుతుంది. పగులుకు అడుగు కనబడదు. లైటు ఎటు తిప్పినా నల్లగానే ఉంటుంది. తిన్నగా పోకుండా వంకర్లు పోతుంది, ఒక్కోచోట చీలుతుంది, మూలల్లోనో రంధ్రాల అంచునో పుడుతుంది. దూది పోగో వెంట్రుకో అయితే రెండు కళ్ళతో చూసినప్పుడు ఉపరితలానికి పైన తేలుతున్నట్టు తెలిసిపోతుంది, బ్లోయర్‌తో ఊదితే కదులుతుంది. పగులని అనుమానం గట్టిపడితే మైక్రోస్కోప్ దగ్గర ఆగకూడదు, రంగు ద్రవాన్ని పగుల్లోకి ఇంకించి చూసే డై పెనెట్రెంట్ పరీక్ష చెయ్యాల్సిందే.

ఫొటోల్లో ఇంకో ప్రమాదం ఉంది. రెండు కళ్ళతో చూసేటప్పుడు గుంట గుంటలాగే ఉంటుంది. కెమెరా ఒకే దారి నుంచి తీస్తుంది కాబట్టి ఆ లోతు పోతుంది. అప్పుడు మెదడు వెలుతురు పైనుంచి వస్తోందనుకుని నీడను చదువుతుంది. ఫొటోలో లైటు కింది వైపు నుంచి పడి ఉంటే గుంట బుడిపెలా, బుడిపె గుంటలా కనబడుతుంది. రిపోర్టు చదివినవాళ్ళు 'మెటల్ అంటుకుంది' అంటారు, అసలుదేమో తుప్పు తిన్న గుంట. దీనికి మందు చాలా తేలిక: ఫొటో పైఅంచు వైపు నుంచే లైటు వెయ్యాలి, ఫొటో మీద లైటు దిక్కు బాణంతో గుర్తు పెట్టాలి.

విరిగిన షాఫ్టులు, బోల్టుల విషయంలో ఒక్క మాట. విరిగిన రెండు ముక్కల్నీ కలిపి చూడొద్దు. అందరూ మొదట చేసేది అదే, సాక్ష్యాన్ని చెరిపేసేదీ అదే. వేలితో తుడవొద్దు, వైరు బ్రష్ తగలనివ్వొద్దు. 10 ఎక్స్ దగ్గర వాలు వెలుతురులో విరుగు ముఖాన్ని తిప్పుతూ చూస్తే, అలసటతో మెల్లగా పెరిగిన పగులైతే ఒక చోటు చుట్టూ వంపు గీతలు వరుసగా కనబడతాయి. ఆ వంపుల కేంద్రం వైపు వెళ్తే పగులు పుట్టిన చోటు దొరుకుతుంది. చాలాసార్లు అక్కడ ఒక టూల్ గుర్తో, తుప్పు గుంటో ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కి పంపేముందు ఏ చోటు చూడమని అడగాలో చెప్పేది ఈ పరీక్షే.

లేత్ టూల్ కొసన బిగించే కార్బైడ్ ఇన్సర్టుల (కోసే బిళ్ళల) అరుగుదల కొలవడానికి ఐపీస్‌లో గీతల బిళ్ళ, అంటే గ్రాటిక్యూల్ ఉండాలి. 10 మి.మీ. పొడవును 100 భాగాలు చేసిన బిళ్ళ అయితే, అదనపు లెన్స్ లేకుండా జూమ్ 1 దగ్గర ఒక్కో గడి 0.1 మి.మీ., 4 దగ్గర 0.025 మి.మీ. టర్నింగ్ టూల్ జీవితకాల పరీక్షల్లో ఐఎస్ఓ 3685 ప్రకారం పక్క ముఖం సమానంగా అరిగితే 0.3 మి.మీ. హద్దు. అంటే జూమ్ 4 దగ్గర 12 గళ్ళు. ఎగుడుదిగుడుగా అరిగితే ఎక్కువ అరిగిన చోట 0.6. ఈ లెక్కను కాగితం మీద నమ్మి ఊరుకోకూడదు. కింద కొలత తెలిసిన సన్నని గీతల స్కేల్ (స్టేజ్ స్కేల్) పెట్టి ప్రతి జూమ్ అంకె దగ్గరా సరిచూసి పట్టిక రాసుకోవాలి. జూమ్ నాబ్ క్లిక్ అని ఆగే చోట్లలోనే కొలవాలి. మధ్యలో ఎక్కడో ఆపితే ఆ కొలతకు విలువ లేదు. గ్రీనో రకంలో ఒక్కో గొట్టం ఉపరితలాన్ని 5, 6 డిగ్రీల వాలులో చూస్తుంది. అందువల్ల పొడవు కొలతలో వచ్చే తేడా దాదాపు అర శాతమే, కానీ ఎక్కువ జూమ్ దగ్గర ఫొటోలో ఒక పక్క పదునుగా, రెండో పక్క మసకగా వస్తుంది. కెమెరా ఉన్న గొట్టానికి ముక్క ఎదురుగా ఉండేలా ఒక పక్క అంతే వాలు ఎత్తు పెడితే సరిపోతుంది. ఉపరితలపు గరుకుతనాన్ని, దాన్ని కొలిచి చెప్పే ఆర్ఏ అంకెను మాత్రం ఈ మైక్రోస్కోప్‌తో చెప్పలేం. నమూనా పలకలతో పోల్చి సుమారుగా అనుకోవచ్చు, రిపోర్టులో అంకె వెయ్యకూడదు.

ఎలక్ట్రానిక్ బోర్డులకు ఈ వివాదాన్ని తేల్చే రాతపూర్వక నియమం ఎప్పటి నుంచో ఉంది. ఐపీసీ-ఏ-610 ప్రమాణం సోల్డర్ ప్యాడ్ వెడల్పును బట్టి ఎంత పెద్దది చేసి చూడాలో చెబుతుంది. 1 మి.మీ. దాటితే 1.5 నుంచి 3 రెట్లు, 0.5 నుంచి 1 మి.మీ. దాకా 3 నుంచి 7.5, 0.25 నుంచి 0.5 దాకా 7.5 నుంచి 10, అంతకన్నా తక్కువైతే 20. అనుమానం తీర్చుకోవడానికి వీటికి వరుసగా 4, 10, 20, 40 రెట్ల దాకా వెళ్ళొచ్చు. అదీ మొదటి తనిఖీలో లోపమనిపించిన చోటును నిర్ధారించుకోవడానికే. 1 మి.మీ. ప్యాడ్‌ను 40 దగ్గర పెట్టి లోపాలు వెతికితే మంచి బోర్డు కూడా చెత్తలా కనబడుతుంది. సీసం లేని సోల్డర్ విషయంలోనూ మంచి జాయింట్లకే శిక్ష పడుతోంది. పాత సీసం సోల్డర్ చల్లారాక నిగనిగలాడుతుంది, అదే కొలమానంగా నేర్చుకున్నవాళ్ళు మెరుపు లేకుండా, ఇసుక రేణువుల్లా ఉన్న జాయింటును 'కోల్డ్' (సరిగా కరిగి అతకనిది) అని కొట్టేస్తారు. టిన్, 3 శాతం వెండి, 0.5 శాతం రాగి కలిసిన సోల్డర్‌కు అలా మెరుపు లేకపోవడం సహజం. చూడాల్సింది మెరుపును కాదు, అంచును: సోల్డర్ ప్యాడ్ మీద పల్చగా పారి కలిసిపోయిందా, లేక గుండ్రంగా ముడుచుకుని అంచు దగ్గర లోపలికి తిరిగిందా? దాన్ని పైనుంచి చూసి చెప్పలేం, బోర్డును 30, 45 డిగ్రీలు వంచి పక్కనుంచి చూడాలి. బోర్డు వంగినప్పుడు సిరామిక్ కెపాసిటర్లలో వచ్చే పగులు కింది కొస దగ్గర మొదలై ఏటవాలుగా లోపలికి పోతుంది. పక్క గోడ మీద తేలితేనే కనబడుతుంది, కనబడకపోతే లేదని అర్థం కాదు.

మన ఊళ్ళో మందుల కంపెనీలు ఎక్కువ కాబట్టి పౌడర్‌ను నొక్కి టాబ్లెట్‌గా చేసే పంచుల గురించి కూడా చెప్పాలి. టాబ్లెట్ మీద అక్షరం సగం ఊడి వస్తోందంటే ముందు పౌడర్ తడిని, లూబ్రికెంట్‌ను తప్పుపడతారు. పంచ్ కొసను 20 ఎక్స్ దగ్గర చూస్తే ఏ, బీ, ఆర్, 6, 8 లాంటి మూసుకున్న అక్షరాల లోపలి దిబ్బల మీద పౌడర్ పేరుకుని, కింద పాలిష్ పోయి గుంటలు పడి ఉండొచ్చు. పంచ్ అంచు అరిగి లోపలికి కొక్కెంలా తిరిగితే టాబ్లెట్ పైభాగం మూతలా లేచిపోతుంది. గుంట తిరిగిన పాలిష్ ముఖం కాబట్టి రింగ్ లైటులోని ఒక్కో ఎల్ఈడీ ఒక్కో చుక్కగా ప్రతిబింబిస్తుంది, కొత్తవాళ్ళు వాటిని గుంటలనుకుంటారు. పంచ్‌ను కాస్త తిప్పండి. ప్రతిబింబాలు ఉన్నచోటే ఉండిపోతాయి, నిజం గుంటలు పంచ్‌తో పాటు తిరుగుతాయి.

ఫ్యాక్టరీలతో సంబంధం లేని పాఠకులకు కూడా పనికొచ్చేది ముత్యం. పత్తర్‌గట్టి దుకాణాల్లో దండ చూసేటప్పుడు 10 నుంచి 30 రెట్ల దగ్గర దారం దూరే రంధ్రపు అంచును చూడాలి. నకిలీ ముత్యమైతే గాజో ప్లాస్టిక్కో పూస మీది పూత ఆ అంచున పెచ్చులుగా లేచి ఉంటుంది. పూస చుట్టూ పెంచిన ముత్యమైతే రంధ్రం లోపల పూసకూ పొరకూ మధ్య గీత కనబడుతుంది, పొర మందం అక్కడే అంచనా వెయ్యొచ్చు. రంగు వేసినదైతే రంగు రంధ్రం దగ్గర, పగుళ్ళలో చిక్కగా చేరి ఉంటుంది. 40 దాకా వెళ్తే అసలు పొర మీద వంపులు తిరిగే సన్నని మెట్ల గీతలు, నకిలీ మీద ఒకే తీరు గరుకు పూత కనబడతాయి. అయితే అలాంటి గీత కనబడనప్పుడు, సముద్రంలో తానుగా పుట్టినదా, పెంచినదా అన్న తీర్పుకు ఎక్స్‌రే పరీక్ష కావాలి. మైక్రోస్కోప్ చూసి ఆ మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు. బంగారానికైతే దుకాణంలోని 10 ఎక్స్ భూతద్దం చాలు: బీఐఎస్ గుర్తు, 22కే916 లాంటి స్వచ్ఛత గుర్తు, ఆ నగకే ప్రత్యేకంగా ఇచ్చే ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు కోడ్ (హెచ్‌యూఐడీ) మూడూ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల అమ్మకానికి ఈ హెచ్‌యూఐడీ ఉండి తీరాలి. ఆ ఆరు అక్షరాలను బీఐఎస్ కేర్ యాప్‌లో అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.

సంరక్షణ గురించి క్లుప్తంగా. బొమ్మ మసకబారిందంటే ముందు కింది లెన్స్ తుడవండి. సోల్డరింగ్ పొగ దాని మీద పొరలా పేరుకుంటుంది. 48 మి.మీ. మర ఉన్న మోడల్ అయితే సాదా గాజు ఫిల్టర్ బిగిస్తే లెన్స్‌కు బదులు అదే మురికి పడుతుంది. ముందు బ్లోయర్, తర్వాత లెన్స్ పేపర్ మీద కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అసిటోన్ వద్దు, చొక్కా అంచు అసలే వద్దు. వానాకాలంలో కవరు కప్పి చీకటి అల్మరాలో నెలల తరబడి ఉంచితే లెన్సుల్లో ఫంగస్ పడుతుంది. సిలికా జెల్ వేసి ఉంచాలి, అది తడిసి రంగు మారగానే ఆరబెట్టాలి. ప్రెస్ మిషన్ నడిచే గోడ పక్క బల్ల మీద పెడితే 30 రెట్లు దాటాక బొమ్మ వణుకుతుంది. దానికి మైక్రోస్కోప్ మార్చనక్కరలేదు, బల్ల మారిస్తే చాలు.

ఇప్పుడు మేం కోరేది. జాబులు కొనే కంపెనీల క్వాలిటీ విభాగాలు రిజెక్షన్ చీటీలో ఈ వివరాలకు గళ్ళు అచ్చు వేయించాలి: లోపం ఉన్న చోటు, జాబ్ మీది ఏదో ఒక అంచు లేదా రంధ్రం నుంచి మిల్లీమీటర్లలో దూరం; ఎన్ని రెట్ల దగ్గర చూశారు; లైటు ఏ రకం, ఉపరితలానికి ఎంత వాలు, ఫీడ్ గుర్తులకు అడ్డమా వెంబడా; పక్కన స్కేల్, లైటు బాణం ఉన్న ఫొటో. లోపానికి పేరు పెట్టేటప్పుడు గీత, గుంట, సొట్ట, పగులు అని విడివిడిగా రాయాలి. ఉపరితల లోపాల పేర్లకు ఐఎస్ఓ 8785 ఉంది, దాన్నే ఇద్దరూ అనుసరిస్తే సరిపోతుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే డ్రాయింగ్ మీద 'ఇన్ని రెట్ల దగ్గర, ఈ లైటు కింద కనబడే లోపాలకే రిజెక్షన్' అని రాసుకుంటే ఇంకా మేలు. హద్దు దగ్గర ఉన్న మంచి ముక్క ఒకటి, చెడ్డ ముక్క ఒకటి ఇద్దరూ సంతకం పెట్టి చెరొక జత దాచుకోవాలి.

శిక్షణ సంగతి కూడా ఉంది. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లలో వర్నియర్, మైక్రోమీటర్ నేర్పినట్టే దీన్నీ నేర్పాలి. ఒక అరిగిన ఇన్సర్ట్, ఒక లేత్ ముక్క, ఒక పాడైన బోర్డు, ఒక గూస్‌నెక్ లైటు ఉంటే ఒక పూటలో లైటు దిక్కు గురించి చెప్పాల్సిందంతా చేతిలో పెట్టి చూపించొచ్చు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి బాలానగర్‌లోనే ఉంది, రాయదుర్గంలో 2023లో టీ-వర్క్స్ మొదలైంది. చిన్న యూనిట్ల తనిఖీ సిబ్బందికి శని, ఆదివారాల్లో ఇలాంటి చోట్ల ఒక పూట శిక్షణ పెడితే వచ్చేవాళ్ళకు కొదవుండదు. పారిశ్రామిక వాడల సంఘాలు ముందుకొస్తే పాఠానికి కావలసిన నమూనా ముక్కలు, లైటు స్టాండ్ల కొలతలు, పైన చెప్పిన రిజెక్షన్ చీటీ నమూనా మేం ఉచితంగా తయారుచేసి ఇస్తాం.

ఇట్లు,
ఉపరితల తనిఖీ పనిలో ఉన్న కొందరు టెక్నీషియన్లు,
హైదరాబాద్